ముళ్ళకు పునరావాసం

ఇలా దగ్గరికి జరగండి. ఆ మూల కూచున్న పిల్లా, నువ్వూ రా. ఆ గోడకి నీ వీపు ఆసరా ఏమీ అక్కర్లేదు, అదే నిలబడుతుంది. చిక్కుడుకాయలు ఒళ్ళో పెట్టుకుని ఈనెలు తీస్తూ వినండి, తప్పులేదు. మధ్యలో మాత్రం మాట్లాడకండి, మాట్లాడ్డం నా పని. ఒక ఆఫీసు ఒక దారిని ఎంత శ్రద్ధగా కాపాడిందంటే, చివరికి ఆ దారి ఎక్కడుందో ఆఫీసుకే దొరకలేదు. ఆ సంగతి చెబుతాను.

దుప్పికొండ అని ఒక కొండ. దానికి ఇవతల జీడివలస, అవతల ఈతలవలస. బస్సులో అయితే కొండ చుట్టూ తిరిగి, మధ్యలో దిగి, ఇంకో బస్సు కోసం ఎండలో నిలబడి, చేరేసరికి పొద్దువాలుతుంది. కాళ్ళ మీద అయితే కొండెక్కి దిగడమే. పొయ్యి మీద ఉలవలు పెట్టి వెళ్ళి, అవి ఉడికేలోగా తిరిగొచ్చేస్తామని జీడివలస ఆడాళ్ళ గొప్ప. ఉలవలు ఎంతసేపటికీ ఉడకవు కాబట్టి ఆ మాట అబద్ధమని ఎవరూ తేల్చలేదు.

ఆ దారి ఎంత బాగుంటుందంటారూ! మొదట జీడితోట, ఆ వాసనకే నోట్లో నీళ్ళూరతాయి. తరవాత గెడ్డ, చీలమండ దాకా చల్లటి నీళ్ళు. గెడ్డ దాటితే అడ్డాకు తీగలు, ఇప్పచెట్లు, పాలకొడిశ పూలు. మాఘమాసంలో అయితే ఆకు ఒక్కటి లేకుండా కొండగోగు పచ్చగా విరగబూసి ఉంటుంది. కొండ నెత్తిన ఒక బల్లరాయి. దాని మీద కూచుంటే రెండు ఊళ్ళూ కనబడతాయి, మబ్బు లేని రోజున దూరాన సముద్రం గీత గీసినట్టు కనబడుతుంది.

జీడివలస వైపు కొండెక్కే దారిలో సగంలో కంపలమ్మ ఉంది. గుడీ లేదు, గోపురమూ లేదు, ఒక నిలువు రాయి. ఆవిడకి కొబ్బరికాయ అక్కర్లేదు, కోడి అక్కర్లేదు. దారిలో నీ కాలికి ఎదురొచ్చిన ముళ్ళకంపో, మొనదేలిన రాయో తీసి ఆవిడ ముందు పడేసి, "నీది నీకిచ్చాను తల్లీ" అనుకుని వెళ్ళిపోవాలి, అంతే. ఇవ్వకుండా పోతే ఆ ముల్లు సాయంత్రానికల్లా నీ మడమలో తేలుతుందని నమ్మకం. అందుకని కొండెక్కిన ప్రతివాడూ చేతిలో ఒక కంప పట్టుకునే ఎక్కేవాడు. ఏటేటా వానలకి ముందు ఆ కుప్పకి నిప్పు పెట్టి, చుట్టూ తిరిగి, బెల్లం పంచుకునేవాళ్ళు.

ఇక మన ఎర్నమ్మ. జీడివలస కోడలు. ఆవిడ అక్క దాలమ్మ ఈతలవలస కోడలు. ఒక్క కడుపున పుట్టి, ఒక్క కొండకి చెరో వైపూ మెట్టారు. దాలమ్మకి బస్సు పడదు. బస్సెక్కక్కర్లేదు, దూరం నించి హారను వింటే చాలు, కడుపులో తిప్పుతుంది. అందుకని కాపురాలకి వచ్చిన కొత్తలో పెట్టుకున్న ఏర్పాటే, సోమవారం పొద్దున్న ఇటు నించి ఈవిడ, అటు నించి ఆవిడ ఎక్కి, బల్లరాయి మీద కలుసుకోవడం. తెచ్చుకున్నవి పంచుకు తినడం. తిన్నాక దెబ్బలాడుకోవడం. ప్రేమగా మాట్లాడుకోవడం వాళ్ళకి చేతకాదు. అమ్మ ఎవరికి ఎక్కువ తల దువ్వింది, సంతలో ఎవరు తప్పిపోయారు, ఎవరు ఎవర్ని నూతిలోకి తోసేయబోయారు, ఇవీ వాళ్ళ ముచ్చట్లు. ముసలాళ్ళయ్యారు, మొగుళ్ళు పోయారు, ముచ్చట్లు మారలేదు.

ఒక సోమవారం దాలమ్మ చేతులు కడుక్కుంటూ ఏమీ ఎరగనట్టు అంది. "మీ ఆయన తొలీత సూడ్డానికొచ్చింది నన్నేనొలే. ఆడికి పళ్ళెత్తని నానే వొద్దన్నాను. అప్పుడు నిన్ను సూపించినారు."

అని కేరేజీ తీసుకుని చకచకా దిగిపోయింది.

ఎర్నమ్మ నోటినిండా చోడి ముద్ద, అదే రాగి ముద్ద. అది మింగి నోరు తెరిచేసరికి అక్క మలుపు తిరిగిపోయింది. చూశారా ఎంత అన్యాయమో! వారమంతా ఎర్నమ్మకి అన్నం సయించలేదు. ఆదివారం నాడు చింతపండు పిక్కలు తీస్తుంటే జవాబు తట్టింది. ఎలాంటి జవాబనుకున్నారు! తనలో తానే నవ్వుకుని, గట్టిగా చప్పట్లు కొట్టుకుంది. కోడలు లోపలి నించి వచ్చి, "ఏటైందత్తా?" అని నుదురు పట్టుకు చూసింది. ఆ జవాబేమిటో ఇప్పుడు చెప్పను. అక్కకి చెప్పాల్సిన మాట ముందు మీకెందుకు?

సోమవారం పొద్దున్నే కేరేజీ పట్టుకుని వెళ్తే, జీడితోట చివర ఇనప గేటు. గేటు పక్కన ఆకుపచ్చ చొక్కాలో తవిటినాయుడు. పక్కూరి కుర్రాడే, వరసకి ఎర్నమ్మ వాడికి పిన్ని.

"పిన్నీ, ఆగాల."

"ఎందుకురా?"

"మనుసులెళ్ళకూడదు. బోర్డెట్టినారు."

"నివ్వేటి మరి? మనిసివి కావేటి?"

"నాను గేటుకి ఇవతల మనిసిని పిన్నీ. గేటెట్టినాక అవతల పాదమెట్టనేదు."

ఈ గేటెలా వచ్చిందో చెప్పాలి. జిల్లా కేంద్రంలో ప్రకృతి విహార సంస్థ అని ఒక ఆఫీసు ఉంది. దానికి మార్తాండరావు గారు ప్రధాన సమన్వయాధికారి. ఆయన ఓ రోజు కొత్త బూట్లూ, చేతికర్రా, వెనకాల గొడుగు పట్టడానికి తవిటినాయుడూ, ఇలా బయల్దేరి ఆ దారమ్మట మొదటి మలుపు దాకా ఎక్కారు. ఎక్కి, గాలి పీల్చి, కళ్ళు మూసుకుని, "ఆహా! అనాదిగా మానవ పాదస్పర్శ ఎరుగని ప్రదేశము" అన్నారు. అప్పుడాయన నించున్నది నున్నగా అరిగిన కాలిబాట మీద. కాళ్ళ దగ్గర ఎవరిదో తెగిన చెప్పు పడుంది. తవిటినాయుడు దాన్ని మెల్లిగా పొదలోకి తన్నేశాడు. కొత్త ఉద్యోగం కదా.

మార్తాండరావు గారు వెళ్ళి పై ఆఫీసుకి రాశారు. పై ఆఫీసు వాళ్ళకి ఆ ఏడు ప్రకృతి పిచ్చి పట్టి ఉంది. వెంటనే మంజూరయింది. బోర్డులో ఏముందో తవిటినాయుడు కూడబలుక్కుని చదివాడు: "దుప్పికొండ మానవస్పర్శరహిత సహజ కాలిబాట. కాలిబాట యొక్క సహజత్వమునకు భంగము వాటిల్లకుండుటకై కాలినడకన వెళ్ళుట నిషేధము."

"కాలిబాట మీద కాళ్ళతో కాక దేంతో ఎల్తార్రా?" అంది ఎర్నమ్మ.

"అది పైవాళ్ళు ఆలోసిత్తన్నారంట పిన్నీ."

"నాను ఒక్క మాట సెప్పి వొచ్చేత్తాను. మా అప్పకి."

"ఫోన్ సెయ్యి. మా వొదిన ఫోనిత్తాది."

"ముకం సూడకుండా అంటే సగం మాట దండగరా! అది మాడిపోవాల, నాను సూడాల. అంతేగానీ ఫోనులో ఎవులు మాడినారో ఎవులికి ఎరిక?"

తవిటినాయుడికి ఆ బాధ అర్థమయింది. వాడికీ ఒక అన్న ఉన్నాడు. కానీ గేటు తియ్యలేదు.

ఎర్నమ్మ గేటు దగ్గరే కూచుని కేరేజీలో ఉన్నది తినేసి, సగం తవిటినాయుడికి పెట్టి, ఇంటికొచ్చింది.

వానలు దగ్గరపడుతున్నాయి. కంపలమ్మ కుప్ప తగలబెట్టే రోజులు. ఊరి పెద్దలు వెళ్ళి అడిగితే మార్తాండరావు గారు స్వయంగా వచ్చారు. కొండ కింద కుర్చీ వేసుకుని, కుప్పని దుర్భిణీలో చూశారు.

"అది ఏమిటి?"

"కంపలమ్మండి. దారిలో ముళ్ళు తీసి ఆ తల్లికిత్తామండి."

మార్తాండరావు గారి మొహం ఎర్రబడింది. "అనగా, ఇన్నేళ్ళ నుంచీ మీరు కాలిబాట మీది ముళ్ళను వాటి సహజ స్థానముల నుంచి నిర్వాసితులను చేస్తున్నారన్న మాట!"

ఊరి పెద్దల్లో ఒకాయన తన అరికాలు తిప్పి చూసుకున్నాడు.

"ముల్లునకు దారిలో పడి ఉండు హక్కు లేదా? అది అక్కడ రాలెను. అది దాని స్వస్థలము. దాన్ని తెచ్చి ఒక కుప్పలో ఇరికించుట ఎంతటి అన్యాయము! తక్షణమే ఈ ముళ్ళన్నిటికీ పునరావాసము కల్పించాలి."

నేను నవ్వడం లేదు, మీరూ నవ్వకండి. ఆయన నవ్వలేదు. పై వారానికి పునరావాస పథకం మొదలయింది. కంపలమ్మ ముందున్న కుప్ప తవ్వి, ఆ ముళ్ళు దారి పొడుగునా సమానంగా పరచాలి. పరచడానికి కూలీలు కావాలి. మనుషులు కొండెక్కకూడదు గదా అంటే, "పునరావాస సిబ్బంది మనుషుల కింద రారు" అని ఇంకో కాగితం వచ్చింది.

ఆ మాట చెవిన పడగానే ఎర్నమ్మ తలకి గుడ్డ చుట్టుకుని అందరికంటే ముందు గేటు దగ్గర నిలబడింది. కూలి కోసం కాదు. కూలి కూడా అనుకోండి. కానీ ముఖ్యంగా, ఎలాగో ఓలాగ బల్లరాయి దాకా వెళ్తే అక్కని కేకేసి పిలిచి ఆ ఒక్క మాటా అనేయొచ్చని.

కంపలమ్మ కుప్ప నించి తట్టతో కంప ఎత్తి కిందికి మోయడం, రెండు చేతులా దారి మీద జల్లడం. ఈ ఏడంతా తను ఏరి వేసిన ముళ్ళే. తన వెనక కోడలు, కోడలి వెనక ఊళ్ళో సగం మంది ఆడాళ్ళు. ఒక సూపర్‌వైజరు వెంట నడుస్తూ, "ఇక్కడ పలచగా ఉంది, ఇంకొంచెం సహజంగా వెయ్యండి" అంటున్నాడు. కోడలు గొణిగింది. "అత్తా, రేపు మనమే గదా ఈ దారమ్మట నడవాల?"

"నోరు ముయ్యవే. పని కానీ."

కింది నించి జల్లుకుంటూ మళ్ళీ కంపలమ్మ దగ్గరికి వచ్చేసరికి సూపర్‌వైజరు చెయ్యి అడ్డం పెట్టాడు. ఇక్కడి నించి పైన ఈతలవలస వాళ్ళ వంతట. ఈ వైపు సిబ్బంది ఆ వైపు వెళ్తే మనుషులైపోతారట.

ఎర్నమ్మ తట్ట కింద పడేసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "ఒలప్పా!" అని అరిచింది. పైన చెట్టు మీంచి కొక్కిరాయి పిట్ట ఏదో లేచిపోయింది.  జవాబు గొంతు దాకా వచ్చి, కింద నిలబడ్డ జనాన్ని చూసి మళ్ళీ లోపలికి పోయింది. అది ఊరందరూ వినే మాట కాదు.

తిరిగి దిగుతుంటే తాము జల్లిన ముళ్ళే కాళ్ళకి గుచ్చుకున్నాయి.  అందరికీ మడమ మంట పుడుతుంటే, అందరూ ఆకాశం వంక చూస్తూ వానెప్పుడొస్తుందో అని మాట్లాడుకున్నారు.

తరవాత వంతు మేకలది.

మేక చిగుళ్ళు కొరకడం వల్ల పొదలు తమ ఇష్టప్రకారం పెరగడం లేదని మార్తాండరావు గారికి తోచింది. ఆఫీసులో దీనికో సంఘం కూర్చుంది. మేక ప్రకృతా, కాదా? ఒక ఆయన మేక ప్రకృతే అన్నారు. ఇంకొకాయన అడివి మేక ప్రకృతి, ఊరి మేక మనిషి కిందే లెక్క అన్నారు. టీలు వచ్చాయి, మిర్చిబజ్జీలు వచ్చాయి, మధ్యాహ్నమయింది. తవిటినాయుడు గుమ్మంలో నిలబడి, "అయ్యా, మరి ఏది అడివిదో ఏది ఊరిదో నాకెలా తెలుత్తాదండి? మొకం ఒకలాగే ఉంటాదండి" అన్నాడు.

మార్తాండరావు గారు చేతిలో బజ్జీ ముగించి తీర్పు చెప్పారు. "మెడకు తాడున్నచో మానవ సంబంధము. తాడు లేనిచో ప్రకృతి."

ఆ సాయంత్రమే జీడివలసలో మేకలన్నిటి మెడల్లోనూ తాళ్ళు ఊడిపోయాయి. మర్నాడు పొద్దున్న ప్రకృతి అంతా బిలబిలా గేటు కింద నించి దూరి కొండెక్కింది. సాయంత్రం ప్రకృతి పేరు పెట్టి పిలిస్తే పరిగెత్తుకుంటూ వచ్చి ఎవరి దొడ్లోకి వాళ్ళది వెళ్ళి పడుకుంది. తవిటినాయుడు రోజూ రిపోర్టు రాశాడు: అడవి మేకల సంతతి విశేషముగా పెరిగినది. మార్తాండరావు గారికి పై ఆఫీసు నించి మెచ్చుకోలు వచ్చింది.

ఎర్నమ్మ గేటు దగ్గరికి వెళ్ళి, "తవిటీ, నా మెళ్ళోనూ తాడు లేదు కదరా. మీ బాబాయి పోయినప్పుడే తీసీసినాను. నాను పకృతి కానేటి?" అని అడిగింది.

తవిటినాయుడు తల గోక్కున్నాడు. "అడిగి సెప్తాను పిన్నీ."

అడిగాడు కూడా. రెండు కాళ్ళ జీవుల విషయం సంఘం ముందు లేదని జవాబొచ్చింది.

వానలు పడ్డాయి. ఆ ఏడు మంచి వానలు. పరిచిన ముళ్ళ మీద గడ్డి లేచింది, గడ్డి మీద తీగ పాకింది, తీగ మీద తుప్ప పడుకుంది. మేకలు మెత్తటి చిగురు తిన్నాయి గానీ ముళ్ళ జోలికి పోలేదు. గెడ్డ పక్కన దారి గెడ్డలో కలిసింది. దసరా వెళ్ళేసరికి గేటుకి అవతల దారి అన్నది లేదు. గేటు మాత్రం ఉంది. దానికి తాళం, తాళానికి కాపలా.

చీపుళ్ళమ్మే అప్పలకొండ బస్సులో ఊళ్ళు తిరుగుతుంది. ఒక రోజు వచ్చి ఎర్నమ్మ అరుగు మీద కూచుని చెప్పింది. "మీ అప్ప సోమారం సోమారం కేరేజీ కట్టుకుని గుమ్మంలో కూకుంటందమ్మా. కొండవైపు సూత్తాది. పొద్దెక్కినాక ఇప్పుకుని తినేత్తాది. మోకాలు కూడా పట్టేసింది."

"నన్నేటైనా అడిగిందేటి?"

"నేదు. నువ్వొత్తావులే అంది. రాకేటి సేత్తాది, దాని కడుపులో మాట ఉండిపోనాదిగా అంది. నవ్వింది."

ఎర్నమ్మ ఆ రాత్రి అన్నం వండుతూ, వండుతూ గంటె పొయ్యిలో పెట్టేసింది. కోపమొచ్చిందని కోడలితో అంది. కోపం కాదది. ఇద్దరిలో ఒకళ్ళు ఈ లోపలే టపీమని పోతే? ఆ జవాబు ఎవరికి చెప్పాలి? తను ముందు పోతే, చివరి మాట అక్కదే అయిపోతుంది. అక్క ముందు పోతే మరీ అన్యాయం, గెలిచి పోయినట్టవుతుంది.

ఇలా ఉండగా పై ఆఫీసు నించి కమిషనర్ అమ్మగారు కాలిబాటని ప్రారంభించడానికి వస్తున్నారని కబురొచ్చింది. మార్తాండరావు గారు గేటు తాళం తీయించి లోపలికి అడుగు పెట్టబోయి, అక్కడే ఆగిపోయారు.

"దారేదీ?"

"ఇదేనండి," అన్నాడు తవిటినాయుడు తుప్పల్ని చూపించి.

"ఇదెక్కడి దారి?"

"పకృతిలో కలిసిపోనాదండి."

మార్తాండరావు గారు మొదట సంతోషించారు. అనుకున్నది నూటికి నూరుపాళ్ళూ నెరవేరినట్టే కదా! ఆ మాటే రిపోర్టులో రాద్దామనుకున్నారు. కానీ అమ్మగారు నడవాలి. ఆవిడ నడుస్తుంటే ఫొటో తియ్యాలి. సంఘం మళ్ళీ కూర్చుంది. సిమెంటు వేద్దామంటే సహజం కాదు. గొడ్డలి పెట్టి కొడదామంటే సహజం కాదు. "సహజ కాలిబాట సహజముగానే, అనగా పాదముల వలననే ఏర్పడవలెను" అని తేలింది. అయితే ఎవరి పాదాలు? అందుకని ‘పాదసేవకులు’ అని కొత్త ఉద్యోగాలు వేశారు.

ఎర్నమ్మ వెళ్ళి వరసలో నిలబడింది. లోపల బల్ల వెనక మార్తాండరావు గారు.

"నడకలో పూర్వానుభవమున్నదా?"

"పుట్టి ఏడాదవగానే మొదలెట్టినాను బావూ."

"ఎక్కడ నడిచేవారు?"

"ఈ కొండ మీదే. సోమారం సోమారం."

"అనగా కాలిబాటను భంగపరిచిన పూర్వచరిత్ర ఉన్నది," అని ఆయన విచారంగా తల ఊపారు. "తరువాతి వారు!"

పట్నం నించి ఎంపికైన కుర్రాళ్ళు వచ్చారు. ఒకటే రకం చొక్కాలు, ఒకటే రకం బూట్లు. వాళ్ళ పని నడవడం. గేటు దగ్గరికి వెళ్తే తవిటినాయుడు ఆపేశాడు. మనుషులు వెళ్ళకూడదనే బోర్డు ఇంకా ఉంది కదా, దాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు. నడవమని ఒక కాగితం, నడవకూడదని ఒక కాగితం. రెండూ మార్తాండరావు గారి సంతకాలే. కుర్రాళ్ళు తెలివైనవాళ్ళు. గేటుకి ఇవతలే నడవడం మొదలెట్టారు. ఊరికే నడిస్తే ఏం తోస్తుంది? గేటు నించి తవిటినాయుడి బావమరిది టీకొట్టు దాకా, టీకొట్టు నించి గేటు దాకా. పొద్దున్న నడిచారు, టీ తాగారు. మధ్యాహ్నం నడిచారు, బజ్జీలు తిన్నారు. పొగ తాగాల్సినవాళ్ళు ఇంకో నాలుగడుగులు వేసి కొట్టు వెనక్కి వెళ్ళొచ్చారు. కార్తీకం దాటేసరికి గేటు నించి టీకొట్టు వెనక్కి, జీడిచెట్ల మధ్య నించి, ఒంపులు తిరుగుతూ, నున్నగా, ఎర్రగా, ముచ్చటైన కాలిబాట ఒకటి పడింది.

అమ్మగారు వచ్చేశారు. సన్నాయి వాళ్ళు వాయించారు. మార్తాండరావు గారు గేటు వైపు చూశారు, తుప్ప. ఇటు వైపు చూశారు, బంగారంలాంటి దారి. ఆయన చెమట తుడుచుకుని, చెయ్యి ఇటే చాపారు. "ఇటు దయచేయండి మేడమ్."

ఎర్నమ్మ జనంలో నిలబడి చూస్తోంది. అమ్మగారు నడిచారు. జీడాకు ముట్టుకున్నారు. "ఎంత సహజంగా ఉంది! మనిషి చెయ్యి పడినట్టే లేదు," అన్నారు. చెయ్యి పడలేదు, అది నిజమే. మలుపు తిరిగారు. బజ్జీల వాసన వచ్చింది. "ఇది ఏ పువ్వు పరిమళం?" అన్నారు. "స్థానికమైనదండి," అన్నారు మార్తాండరావు గారు. టీకొట్టు వెనక ఆగి, బీడీముక్కలని చూసి, ఇవేమిటని అడిగితే, "రాలిన కాయలు" అన్నారు. అమ్మగారికి అంతా నచ్చింది. కొట్టు దగ్గర టీ తాగి, అక్కడే రిబ్బను కత్తిరించారు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. సహజ కాలిబాట గేటు నించి టీకొట్టు వరకు ఉన్నదే అని ఖరారయింది. గేటు పీకి టీకొట్టు దగ్గర పాతారు. బోర్డు కూడా అక్కడికే వెళ్ళింది. ఇప్పుడు పట్నం జనం టిక్కెట్టు కొనుక్కుని, టీకొట్టు చుట్టూ తిరిగి, గాలి పీల్చి వెళ్తున్నారు. తవిటినాయుడి బావమరిది కొట్టుకి వెళ్ళాలంటే ఊళ్ళోవాళ్ళకి మాత్రం వీల్లేదు, సహజత్వం చెడుతుందట. పాపం, టీ పొలిమేర దాటి వెళ్ళి తాగుతున్నారు.

ఇక కొండ సంగతా? దాని మీద దారి లేదని ఆఫీసే రాసుకుంది. దారి లేని చోట కాపలా ఎందుకు? వదిలేశారు. ఆ కబురు అప్పలకొండ బస్సులో ఈతలవలసకీ మోసుకెళ్ళింది.

సోమవారం తెల్లవారగానే ఎర్నమ్మ కేరేజీ కట్టుకుంది. చేతిలో కత్తి. ముందు మేకల్ని తోలింది. అవి ఎటు దూరితే అటు దూరింది. జీడితోట దాటింది, గెడ్డ దాటింది. అడుగడుక్కీ కంప. ఒక్కొక్కటే ఎత్తి మోపు కట్టింది. ఏ ముల్లు తను జల్లిందో, ఏది దానంతటదే పుట్టిందో తెలియదు కదా, అన్నీ ఎత్తింది. చీర చిరిగింది, చేతులు గీరుకున్నాయి. కంపలమ్మ దగ్గర మోపు దించి, "నీది నీకిచ్చాను తల్లీ" అని, చేతులు దులుపుకుని, "మద్దిలో కూలికి ఆశపడ్డాను, మరి అది నివ్వూ నానూ సూసుకుందాం" అంది. 

అక్కడి నించి పైకి దారి మరీ ఘోరం. ఈతలవలస వాళ్ళు కూలికి నమ్మకంగా పనిచేశారు. బల్లరాయి చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది.

బల్లరాయి మీద దాలమ్మ కూచుని ఉంది. కాలు ఒళ్ళో పెట్టుకుని మడమలో ముల్లు తీసుకుంటోంది. చీర చింకిపీలికలు. ఒంటినిండా గీరలు. పక్కన కేరేజీ. బాగున్నావా లేదు, ఎన్నాళ్ళయింది లేదు. తలెత్తకుండానే, "ఆలీసమైంది" అంది.

ఎర్నమ్మ కూచోలేదు. ఊపిరి తీసుకోలేదు. కొండకింద నించీ నోట్లో పెట్టుకొచ్చిన మాట అనేసింది.

"నిన్ను సూడ్డానికే వొచ్చినాడప్పా, నిజమే. నిన్ను సూసి ఆడికి గొంతెండిపోనాది. మంచినీళ్ళడిగినాడు. ఆ నీళ్ళు అట్టుకొచ్చింది నాను!"

దాలమ్మ ముల్లు వదిలేసింది. నోరు తెరిచింది. మాడిపోతుందని ఎర్నమ్మ చూస్తోంది. అది మాడలేదు. నవ్వడం మొదలెట్టింది. నవ్వి, నవ్వి, పొలమారి, నెత్తి కొట్టుకుని, కళ్ళు తుడుచుకుంది.

"నిజమేనొలే. నానేటి వొద్దన్నేదు. ఆడు నా వొంక సూడనే నేదు."

"మరెందుకన్నావే ఆ మాట!"

"ఊరికే. మాటుండిపోతే పై సోమారం నివ్వొత్తావు కదాని."

ఎర్నమ్మ కత్తి కింద పెట్టింది. పక్కన కూచుంది. ఆకు పరిచింది. చోడి ముద్ద, ఎండు నెత్తళ్ళ పులుసు, పచ్చి ఉల్లిపాయ. ఇద్దరూ ఒకళ్ళ గీరలు ఒకళ్ళు చూసుకుంటూ తిన్నారు. దూరంగా సముద్రం కనబడుతోంది. కింద టీకొట్టు చుట్టూ ఎవరో పట్నంవాళ్ళు కూడా కనబడుతున్నారు, చేతికర్రలతో, వరసగా.

దాలమ్మ ముందు లేచింది. కేరేజీ సర్దుకుంది. దారిలో పడున్న తుమ్మకంప ఒకటి చేత్తో ఎత్తి, కంపలమ్మకిమ్మని ఎర్నమ్మ పక్కన పెట్టింది. రెండడుగులు దిగి, వెనక్కి తిరిగింది.

"నీళ్ళిచ్చింది నివ్వేలే. గానీ ఆ సెంబు తళతళ మెరిసేలాగ తోమింది నాను. ఆడు సూసింది నిన్నో, సెంబునో!"

అని చకచకా దిగిపోయింది, మోకాలు నొప్పి ఏమైందో.

ఎర్నమ్మ నోటినిండా ముద్ద.

అంతే. సోమవారం సోమవారం ఆ దారి ఇప్పుడు మళ్ళీ తెల్లగా అరుగుతోంది. ఇది మనసులో పెట్టుకోండి. ఏ కొండో ఎక్కుతున్నప్పుడు కాలికి కంప తగిలితే తీసి పక్కన పడేసి, వెంట ఉన్నవాళ్ళకి ఈ కథ చెప్పండి. నేను చెప్పినట్టే చెప్పక్కర్లేదు. మార్తాండరావు గారికి మీసాలు పెట్టినా పరవాలేదు, మేకల్ని ఇంకో మంద పెంచినా పరవాలేదు. చెంబు సంగతి మాత్రం వదలకండి. ఇంక ఆ చిక్కుడుకాయలు ఇలా తెండి, ఎవరెన్ని ఈనెలు వదిలేశారో చూస్తాను.